తారీఖు తెలియని రక్షణ

మా వైపు సభల కాలం వచ్చిందంటే రెండు సంగతులు ఖాయం. రాత్రి పదిన్నర దాటినా మైకు ఆగదు. ప్రసంగం చివర్లో ఆ ప్రశ్న తప్పదు: "ఈ రాత్రే నీ ప్రాణం పోతే నువ్వెక్కడ ఉంటావు?" పెద్దారవీడులో అడిగినా, మార్కాపురంలో అడిగినా, దోర్నాల రోడ్డు పక్కన షామియానా వేసి అడిగినా ప్రశ్న అదే. అడిగే ముందు గొంతు తగ్గించడం అదే, వెనకనుంచి కీబోర్డు సన్నగా మోగడమూ అదే. "నిశ్చయత ఉన్నవాళ్ళు చేతులెత్తండి" అంటారు. పక్కవాడు ఎత్తాడా లేదా అని ఓరగా చూసి ఎత్తేవాళ్ళే సగం మంది ఉంటారని నా అనుమానం. వెలిగొండ ప్రాజెక్టు ముంపు కింద ఉన్న సుంకేసుల మనిషైతే, "ఈ రాత్రి సంగతి తర్వాత, వచ్చే ఏడు యాడ ఉంటామో ముందు చెప్పండయ్యా" అంటాడేమో కూడా.

మీరూ ఈ ప్రశ్న విని ఉంటారు. విని ఇంటికొచ్చి దుప్పట్లో అటూ ఇటూ పొర్లినవాళ్ళూ మీలో ఉంటారు. ఇవాళ్టి కబుర్లు ముఖ్యంగా వాళ్ళతో. మిగతావాళ్ళు లేచిపోనక్కర్లేదు. చలి గట్టిగానే ఉంది, సర్కారు కంప మొద్దు ఇంకోటి వేశాను, మంట అందరికీ సరిపోతుంది.

ఆ ప్రశ్నకు తమ్ముడొకడున్నాడు: "నువ్వు ఎప్పుడు రక్షణ పొందావు?" ఇది మైకులో అడిగేది కాదు, ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగేది. జవాబు తారీఖుతో రావాలి. ఫలానా సంవత్సరం, ఫలానా నెల, ఫలానా ఊరి కూడికలు, ఫలానా వాక్యం అని చెప్పాలి. సాక్ష్యం చెప్పే పద్ధతే అలా స్థిరపడిపోయింది. తారీఖు లేనివాడు నసిగాడంటే వినేవాళ్ళ మొహాల్లో జాలి కనబడుతుంది. "పాపం, ఇంకా లోపలికి రాలేదు" అన్న జాలి.

మన తెలుగు దేశంలో ఈ పద్ధతి ఇంతగా పాతుకుపోవడానికి భక్తసింగ్ గారి కూడికలు ఒక కారణమని నేననుకుంటాను. ఆయన 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. చదువు కోసం సముద్రాలు దాటి వెళ్ళి, 1929లో కెనడాలో యేసును నమ్ముకున్నారు. హైదరాబాదులోని హెబ్రోను ఆయన పరిచర్యకు కేంద్రమైంది, 2000లో అక్కడే కన్నుమూశారు. అలాంటి మనిషికి తారీఖు ఉండడం సహజం. అంతకుముందు ఒక జీవితం, ఆ తర్వాత ఒక జీవితం. చిక్కెక్కడొచ్చిందంటే, ఆయన సాక్ష్యాన్ని మనవాళ్ళు అందరికీ కొలబద్ద చేశారు. తల్లి ఒళ్ళో కీర్తనలు వింటూ పెరిగిన పిల్ల కూడా తనకు లేని ఒక రోజు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. కొందరు దొరక్కపోతే ఒకటి కల్పించుకున్నారు కూడా. నిశ్చయత కోసం అబద్ధమాడడం కంటే దౌర్భాగ్యం ఇంకేముంటుంది చెప్పండి?

మా మేనత్తకు ఎనభై దాటాక ఈ బెంగ పట్టుకుంది. చదువు రాదు. మార్కాపురంలో పలకల పనికి పోయి పిల్లల్ని పెంచింది. ఒక సాయంత్రం నన్ను పిలిచి, "అబ్బయా, ఆ అయ్యగారు నన్ను తారీఖు అడిగాడు. నాకు యాడ తెలుసు? చిన్నప్పుడు మా నాయన గుళ్ళోకి ఎత్తకపోయినాడు, అట్నే పోతా ఉండా. తారీఖు లేకపోతే రానియ్యరంటావా?" అంది.

"అత్తా, నీ ఆధార్ కార్డు తియ్యి" అన్నాను. తీసింది. పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. ఆమె వయసువాళ్ళు చాలామంది కార్డుల్లో జనవరి 1నే పుట్టారు, రాసుకునేవాడికి ఏదో ఒక తేదీ కావాలి గదా.

"నువ్వు పుట్టింది ఆరోజేనా?"

"యాడ! వానల్లో పుట్టినానంట. ఏరు పారతా ఉండిందంట."

"తారీఖు తెలీదు గాబట్టి పుట్టలేదంటావా మరి?"

నవ్వింది. నవ్వింది గానీ బెంగ పూర్తిగా పోయిందని చెప్పను. అలాంటి బెంగలు ఒక్క చమత్కారానికి పోయేవి కావు. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు ఆ మాటే ఎత్తింది.

అసలు మా పడమటి ప్రకాశంలోనే ఈ విషయంలో రెండు దారులున్నాయి. గిద్దలూరు వైపు వచ్చింది ఎస్.పి.జి. మిషను, అంటే ఇంగ్లండు సంఘం వాళ్ళది. ఇప్పుడది సి.ఎస్.ఐ. నంద్యాల డయోసిస్‌లో ఉంది. అక్కడ చంటిబిడ్డకే బాప్తిస్మం ఇస్తారు, ఎదిగాక బిషప్పుగారు తలమీద చెయ్యి ఉంచి కన్ఫర్మేషన్ చేస్తారు. కంభం, మార్కాపురం వైపు వచ్చింది అమెరికన్ బాప్టిస్టు మిషను. నమ్మి, నోటితో ఒప్పుకుని, నీళ్ళలో మునిగితేనే బాప్తిస్మం. పెళ్ళి సంబంధాలు మాత్రం రెండు వైపులా కలుస్తాయి. పుట్టింటి గుళ్ళో ఉయ్యాల్లో ఉండగానే సంఘంలో కలిసిన పిల్లను, అత్తింటి గుళ్ళో "నువ్వింకా మునగలేదు గదా" అంటారు. ఆ పిల్ల ఏ లెక్కన తనను తాను పరీక్షించుకోవాలి?

తారీఖున్న పెద్దమనిషి ఒకాయన సంగతి చెప్తాను. జాన్ వెస్లీ. ఇంగ్లండులో అభిషేకం పొందిన గురువుగారు, ఉపవాసాలు, ప్రార్థనలు, చెరసాల సందర్శనలు, దేన్లోనూ లోటు లేదు. 1735లో అమెరికాలోని జార్జియాకు ఓడెక్కాడు. నడిసముద్రంలో తుఫాను. అందరూ కేకలు పెడుతుంటే జర్మనీ నుంచి వచ్చిన మొరేవియన్ సంఘం వాళ్ళు మాత్రం పిల్లాపాపలతో సహా పాటలు పాడుతూ కూర్చున్నారు. ఒడ్డుకు చేరాక వాళ్ళ పెద్ద స్పాంగెన్‌బర్గ్, యేసు నిన్ను రక్షించాడని నీకు తెలుసా అని సూటిగా అడిగాడు. వెస్లీ నీళ్ళు నమిలాడు. రెండేళ్ళకు పైగా నలిగాడు. 1738 మే 24 రాత్రి తొమ్మిదికి పావు తక్కువ వేళ, లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలో ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన పీఠిక చదువుతుంటే ఆయన గుండె వెచ్చబడింది. తేదీ, గంట, వీధి పేరు అన్నీ ఉన్నాయి. మన సభల్లో వక్తలకు ఇంతకంటే ఏం కావాలి?

వాళ్ళు చెప్పని భాగం ఒకటుంది. ఎనిమిది నెలలు తిరక్కముందే, 1739 జనవరి 4న, తాను ఇప్పటికీ క్రైస్తవుణ్ణి కానని తన డైరీలో ఆయన రాసుకున్నాడు. ప్రేమ, సంతోషం, సమాధానం తనలో వెతికితే దొరకలేదట. అలాగని బోధించడం మానలేదు. 1791లో చనిపోయేదాకా దేశమంతా తిరుగుతూనే ఉన్నాడు. గంటతో సహా రాసి పెట్టుకున్నవాడికే ఆ గతి పట్టాక, మా అత్తకు తారీఖు లేకపోవడం పెద్ద లోటుగా నాకు కనబడదు.

ఇప్పుడు మన గుండ్లకమ్మ దగ్గరికి రండి. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం పక్కగా పోయి, వినుకొండ, అద్దంకి వైపు తిరిగి, ఒంగోలు దాటి సముద్రంలో కలిసే మన ఏరు. 1878లో ఈ ఏటి ఒడ్డునే "మమ్మల్ని రానిస్తారా" అన్న ప్రశ్న వేల గొంతుల్లో లేచింది.

1876లో ధాత కరువు మొదలైంది. గింజ లేదు, గడ్డి లేదు. ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. 1866లో వచ్చినవాడు, అంతకుముందు సర్వే పని నేర్చినవాడు. కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు పట్టి, వేలమందికి పని చూపించి కూలి ఇప్పించాడు. పని దగ్గర బోధకులే అజమాయిషీ చేసేవాళ్ళు, పని ఆపినప్పుడు పక్కన కూర్చుని యేసు సంగతి చెప్పేవాళ్ళు. జనం, మేమూ కలుస్తాం, బాప్తిస్మం ఇవ్వండి అన్నారు.

క్లౌ ఇవ్వలేదు. పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు సహాయం డబ్బు తన చేతిమీదుగా పోతోంది. కడుపు కోసం వచ్చేదెవరో, ఆత్మ కోసం వచ్చేదెవరో అలాంటి రోజుల్లో తేల్చడం తనవల్ల కాదన్నది ఆయన భయం. లెక్కలు పెంచుకోవాలనుకునే మిషనరీ అయితే ఆ పదిహేను నెలల్లో ఎన్ని వేలు రాసుకునేవాడో. ఈ కథ చెప్పేవాళ్ళందరూ తర్వాత వచ్చిన పెద్ద అంకె దగ్గరికి పరిగెత్తుతారు. నాకు మాత్రం ఆ ఎదురుచూపే పెద్ద సంగతిగా అనిపిస్తుంది.

1878 జూన్ నాటికి ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో జనం గుమికూడారు. క్లౌ, నా దగ్గర ఇక డబ్బు లేదు, ఇళ్ళకు పొమ్మన్నాడు. డబ్బు మాకొద్దు, ఇకముందు కూడా అడగం, పని చేసుకునే బతికామనడానికి మా అరచేతుల బొబ్బలే సాక్ష్యం అన్నారు వాళ్ళు. మళ్ళీ పంట పోతే ఎలాగూ చస్తాం, క్రైస్తవులుగా చస్తాం అన్నారు. దానికి ఆయన దగ్గర జవాబు లేకపోయింది. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజులకు 3,536. 3వ తేదీన ఏట్లోకి దిగి ముంచినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకున్నారు. క్లౌ దొర ఒక్కరిని కూడా ముంచలేదు.

"కూటి కోసం కలిశారు" అని ఎగతాళి చేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ మాట పడ్డవాళ్ళ ముని మనవళ్ళు కొందరు తమ విశ్వాసాన్నే అనుమానించుకుంటారు, మా తాత నిజంగా నమ్మాడా, బియ్యం కోసం నమ్మాడా అని. నా మాట వినండి. ఆకలి ఒక సంచిలో, దేవుడు ఒక సంచిలో వేరువేరుగా కట్టుకుని తిరిగే మనిషి ఎక్కడా లేడు. రొట్టెల కోసం వెంటబడ్డ జనాన్ని యేసు కూడా మందలించాడు, నిజమే. కానీ రొట్టెలు పెట్టి, కడుపు నింపిన తర్వాతే మందలించాడు.

మరి ఆ జనాన్ని ఎలా పరీక్షించారు? అక్షరం ముక్క రాని మనిషిని కూర్చోబెట్టి నీ అంతరంగ అనుభవం వర్ణించు అంటే ఏం చెప్తాడు? క్లౌ సంఘాల్లో మూడు నియమాలు పెట్టుకున్నారు. ఆదివారం పనికి పోకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. అంతే. పల్లెలో వాళ్ళను ఎరిగిన బోధకులు, పెద్దలు ఔనంటే ఔను. ఇవాళ వింటే ఇవేం నియమాలండీ అనిపిస్తుంది. 1870ల్లో మాదిగపల్లె మనిషికి ఒక్కొక్కటీ ఎంత ఖరీదైందో ఆలోచించండి. ఆదివారం రైతు కబురు పెడితే రానన్నవాడికి సోమవారం పని ఉంటుందా? జాతరలో డప్పు కొట్టనన్నవాణ్ణి ఊరు ఊరకే వదుల్తుందా? ఈ తగవుల్లో దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. నమ్మినవాడి నమ్మకం పక్కింటివాడి కళ్ళకు కనబడేది. నిశ్చయత తమ గుండెలో వెతుక్కోవలసిన పని వాళ్ళకంతగా పడలేదు, ఊరే వాళ్ళకు గుర్తు చేసేది.

వాళ్ళలో తొలివాడు యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమట నలభై మైళ్ళ దూరం ఊరు, తోళ్ళ పని. 1866లో బాప్తిస్మం పొందాడు, అది లెక్కల్లో ఉంది. కానీ అంతకుముందు ఏళ్ళ తరబడి గురువుల వెంట తిరిగి రాజయోగం సాధన చేసిన మనిషి ఆయన. ఆ వెతుకులాట అంతా ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన "వైల్ సోయింగ్ శాండిల్స్" పుస్తకంలో ఉంది. పేరయ్య రక్షణ ఎప్పుడు మొదలైందంటారు? నీళ్ళలో మునిగిన రోజా, మొదట దేవుడెవరని అడిగిన రోజా? నాకైతే ఆ గీత ఎక్కడ గియ్యాలో తెలీదు, గియ్యవలసిన పనీ లేదు.

అయితే నియమాల్లోనూ ఒక గొయ్యి ఉంది. ఆదివారం తప్పకుండా గుడికొచ్చి, ఆ మాంసం ముట్టకుండా, బొట్టు తీసేసి, లోపల రాయిలా ఉండే మనిషిని నేనూ చూశాను, మీరూ చూశారు. మత్తయి ఏడో అధ్యాయంలో ప్రభువా ప్రభువా అంటూ వచ్చి, నీ పేరున ఎన్ని అద్భుతాలు చేశామో చూడమన్నవాళ్ళు లేరూ? వాళ్ళకు నిశ్చయత నిండుగా ఉంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. ధీమా ఉండడమే రుజువని మైకులో చెప్పే అయ్యగార్లు ఈ అధ్యాయం ఎందుకో గబగబా దాటేస్తారు.

జాన్ బన్యన్ రాసిన "యాత్రికుని ప్రయాణము" మన ఇళ్ళల్లో బైబిలు పక్కన ఉండేది. మొదటి భాగం 1678లో వచ్చింది, సరిగ్గా వెల్లంపల్లికి 200 ఏళ్ళ ముందు. అందులో అజ్ఞాని అని ఒక కుర్రవాడున్నాడు. దారంతా హుషారే, అనుమానమన్నది ఎరగడు. చివర్లో మిగతావాళ్ళు కష్టపడి దాటే నదిని పడవెక్కి సుఖంగా దాటేస్తాడు. గుమ్మం దగ్గరికి పోయాక వెనక్కి పంపేస్తారు. 1684లో వచ్చిన రెండో భాగంలో భయస్తుడు అని ఇంకో యాత్రికుడున్నాడు. పుస్తకం మొత్తంలో నాకు ఇష్టమైన మనిషి ఇతనే. తొలి బురదగుంట దగ్గరే నెలకు పైగా ఏడుస్తూ కూర్చున్నాడు. కొండకు భయపడడు, సింహాలకు భయపడడు. అతని భయమల్లా ఒక్కటే, చివరికి నన్ను లోపలికి రానిస్తారా అని. మా అత్త మాటే! అతను నది దగ్గరికొచ్చేసరికి నీళ్ళు ఎప్పుడూ లేనంతగా తగ్గాయి, చెప్పులు తడిసేంత లోతులో నడిచి దాటాడు. బన్యన్ పన్నెండేళ్ళు జైల్లో ఉన్నవాడు, భయం రుచి తెలిసినవాడు. అందుకే భయపడేవాణ్ణి బయటికి నెట్టలేదు.

నిశ్చయత అక్కర్లేదా అంటే, నేనలా అనను. రోమన్ కాథలిక్కులు 1547లో ట్రెంట్ సభలో, దేవుడు ప్రత్యేకంగా బయలుపరిస్తే తప్ప ఎవరూ తమ అంతిమ రక్షణను ఖచ్చితంగా ఎరగలేరని తీర్మానించారు. వందేళ్ళ తర్వాత లండన్‌లో ప్రెస్బిటేరియన్ పెద్దలు, ఎరగవచ్చు గానీ నిజమైన విశ్వాసికి కూడా అది దొరకడానికి చాలాకాలం పట్టవచ్చని వెస్ట్‌మినిస్టర్ ఒప్పుకోలులో రాశారు. నాకు రెండో మాట మనుషులను చూసి రాసినట్టుంది. ఒకసారి వచ్చిన రక్షణ పోతుందా పోదా అన్న పోట్లాటలోకి మాత్రం నన్ను లాగకండి. దానిమీద చీలిన సంఘాలు మా మండలంలోనే ఉన్నాయి, రెండువైపులా నాకు చుట్టాలున్నారు.

పరీక్షించుకోవాలనిపిస్తే యోహాను మొదటి పత్రిక తీయండి. అయిదే అధ్యాయాలు, ఒక కునుకు తీసేంత సేపట్లో అయిపోతుంది. నమ్మినవాళ్ళు తమకు జీవముందని తెలుసుకోవాలనే రాస్తున్నానని ఆయన చివర్లో చెప్పుకున్నాడు. అందులో తారీఖు ఎక్కడా అడగడు. యేసును ఎవరని నమ్ముతున్నావని అడుగుతాడు, ఆయన చెప్పినట్టు నడుస్తున్నావా అని అడుగుతాడు. అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగేది నీ సహోదరుణ్ణి ప్రేమిస్తున్నావా అని. ఎండాకాలం పెద్దారవీడు పల్లెల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగలేక ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టినప్పుడు, అవతలి గేరి బిందెను వెనక్కి నెట్టిన చెయ్యి ఆదివారం ప్రభు బల్ల దగ్గర చాపితే, అక్కడ పరీక్ష పెట్టుకోవాలి. మాలల గుడి, మాదిగల గుడి అని ఇప్పటికీ విడివిడిగా ఉండే ఊళ్ళలో ఈ ప్రశ్న మైకులో వినబడగా నేనెప్పుడూ వినలేదు.

ఇంత పరీక్షించుకున్నాక కూడా మనసు నేరం మోపుతూనే ఉంటే, దేవుడు ఆ మనసుకంటే పెద్దవాడని అదే పత్రికలో ఉంది. నేను ఆ మాట మీద ఆనుకున్నాను. నా ఏడుపు చాలిందా, నా సమర్పణ చాలిందా అని కొలుచుకోవడం ఎప్పుడో మానేశాను. కొలిచినకొద్దీ కొలిచేవాడే కనబడతాడు గానీ, రక్షించేవాడు కనబడడు.

మంచం పట్టినవాళ్ళను చూడ్డానికి పోయే అయ్యగార్లకు, సంఘ పెద్దలకు ఒక మనవి. తారీఖు అడక్కండి. నిశ్చయత ఉందా అని మూడుసార్లు అడిగి ఔననిపించుకుని రాకండి. లూకా 23వ అధ్యాయం తీసి సిలువ మీద దొంగ సంగతి చదవండి. అతనికి బాప్తిస్మం లేదు, చెప్పుకోవడానికి సాక్ష్యం లేదు, తనను గుర్తు పెట్టుకోమని మాత్రం అడిగాడు. మెల్లగా, చెవి వినబడనివాళ్ళకైతే కాస్త గట్టిగా, అదొక్కటీ చదివి, కాసేపు పక్కన కూర్చుని, ఇంట్లోవాళ్ళు టీ ఇస్తే తాగి రండి.